కబురందితేనే...

ఏటా జులై 10న మన దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నారు. సభలు, శాలువాలు, చెరువులోకి చేపపిల్లలు వదులుతున్న ఫొటోలు మామూలే. ఆ తేదీయే ఎందుకో మాత్రం వేదిక మీద ఎవరూ పెద్దగా చెప్పరు. 1957లో అదే రోజున ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఒక చేప తలలోంచి తీసిన గ్రంథి రసాన్ని మరో చేపకు సూదిమందుగా ఎక్కించి, చెరువులో గుడ్లు పెట్టదని పేరుపడ్డ జాతి చేత గుడ్లు పెట్టించారు. ఆ పనిలో ఆయనకు తోడు కె.హెచ్. అలీకున్హి. ఆ గ్రంథి పిట్యూటరీ. మన పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఏటి చేపలు. చెరువులో వేస్తే మేత తింటాయి, బలుస్తాయి, వేసవి చివరికి పొట్ట నిండా గుడ్లతో బరువెక్కుతాయి. అక్కడితో ఆగిపోతాయి. ఆషాఢ శ్రావణాల్లో ఏరు పొంగి, కొత్తనీరు గట్టు దాటి పల్లపు నేలల మీదికి పాకితే తప్ప గుడ్లు విడవవు. నిలవ నీటిలో ఆ గుడ్లు చివరికి ఒంట్లోనే ఇంకిపోతాయి. అందుకే ఒకప్పుడు రైతులు వరదల్లో నదిలో పట్టిన పిల్లనే కొనేవారు. అందులో బొచ్చె ఎంత, చిల్లర చేప ఎంత, మిగతావాటిని మింగే వాలుగ ఎంత అన్నది కాస్త పెరిగాక గాని తెలిసేది కాదు. ఈరోజు కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్‌కూ అస్సాంకూ పోయే చేపలు హేచరీలో పుట్టినవే. గోదావరికి ఎదురీదే పులసకు ఈ సూదులతో పనిలేదు. ఎర్రనీరు తగలగానే అది తనంత తానే సముద్రం నుంచి బయల్దేరుతుంది. గుడ్లు పెట్టేదాకా మనవాళ్లు దాన్ని ఉండనిస్తారా అన్నది వేరే సంగతి.

సూదిమందు తయారీ ఆ రోజుల్లో చేతిపనే. చేప తల పైభాగాన్ని కత్తితో ఏటవాలుగా కోసి చిప్ప ఎత్తేవారు. మెదడు మీది కొవ్వును దూదితో అద్ది తీసి, మెదడును మెల్లగా పైకి లేపితే, దాని అడుగున ఎముక గుంటలో పల్చటి పొర కప్పుకుని తెల్లటి చిన్న ముద్ద కనపడేది. బరువు కొన్ని మిల్లీగ్రాములు. పొర చీల్చి, చితక్కుండా పట్టకారుతో తీసి, నీళ్లు కలవని ఆల్కహాలు సీసాలో వేసేవారు. మర్నాడు ఆల్కహాలు మార్చి, సీసాను చీకట్లో దాచేవారు. వాడే రోజు ఆరబెట్టి, తూచి, నూరి, నీళ్లలో కలిపి, పైకి తేరిన రసాన్ని సూదిలోకి తీసుకునేవారు.

ఏ తల పడితే ఆ తల దీనికి పనికిరాదు. ఈడు రాని చేప గ్రంథిలో సరుకుండదు. గుడ్లు పెట్టేసిన చేప గ్రంథి వట్టిపోయి ఉంటుంది. ఈడుకొచ్చి, పొట్ట నిండి, ఇంకా విడవకుండా ఉన్న చేపది కావాలి. మన దగ్గర మే నుంచి జులై దాకా దొరికేవి మేలైనవి. ఇంత పట్టింపు ఉన్నవాళ్లు, ఆ తల ఆడ చేపదా మగ చేపదా అన్నది మాత్రం పెద్దగా పట్టించుకునేవారు కాదు. రెండూ పనిచేసేవి. ఆ తేడా ఎక్కించేటప్పుడు వచ్చేది. ఆడ చేపకు ముందుగా కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల గ్రంథి, ఆరు గంటలాగి మళ్లీ 5 నుంచి 8 మిల్లీగ్రాములు. మగ చేపకు ఒక్కటే సూది, ఆడదానికి రెండోది వేసే వేళకు, కిలోకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. రొమ్ము రెక్క లోపలి వైపు తడిమితే గరుకుగా తగిలేది మగది, పొట్ట మెత్తగా ఉబ్బి మలద్వారం దగ్గర ఎర్రబారింది ఆడది. పనివాళ్లు మసక చీకట్లోనైనా వేళ్లతో పోల్చేవారు.

ఇందులో ఒక తికమక ఉంది. గ్రంథి ఇచ్చిన చేప వయసు చూడాలి, ఆడా మగా చూడక్కర్లేదు. పుచ్చుకున్న చేప విషయంలో ఆడా మగా చూసి తీరాలి. అలాంటప్పుడు ఈ వయసు, ఈ ఆడా మగా తేడా ఉన్నది ఆ గ్రంథిలోనా, ఇంకెక్కడైనానా? జీవశాస్త్రం దాదాపు వందేళ్లుగా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. దొరికిన జవాబు మనుషుల గురించి మనం తేలిగ్గా అనేసే కొన్ని మాటల్ని కూడా కొద్దిగా కదిలిస్తుంది కాబట్టి ఈ ముచ్చట.

మన తలలోనూ అది శనగ గింజంతే. బరువు అర గ్రాము. ఆడవాళ్లలో కొద్దిగా పెద్దది, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. ఎదుగుదల హార్మోను, పాల హార్మోను ప్రొలాక్టిన్, థైరాయిడ్‌నూ అడ్రినల్‌నూ కదిలించే హార్మోన్లు, అండాశయాన్నీ వృషణాన్నీ నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే జంట, అన్నీ ఇక్కడి నుంచే. అందుకే దీన్ని చాలాకాలం గ్రంథులన్నిటికీ యజమాని అన్నారు. బళ్లో ఇప్పటికీ అలాగే చెబుతున్నారు. ఆ యజమానికి పైన ఇంకో యజమాని ఉందని తేలి ఏళ్లు గడిచినా పాఠం మారలేదు.

1936లో అమెరికాలో ఫైఫర్ అనే పరిశోధకుడు అప్పుడే పుట్టిన ఆడ ఎలుకల్లో మగ ఎలుక వృషణాలు నాటాడు. ఆ ఎలుకలు పెద్దయ్యాక ఎదకు రావడం మానేశాయి, అండం విడుదల కాలేదు. పుట్టగానే వృషణాలు తీసేసిన మగ ఎలుకకు పెద్దయ్యాక అండాశయం అతికిస్తే, అందులోంచి అండాలు విడుదలయ్యాయి. పుట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే పిట్యూటరీ ఆడదిగానో మగదిగానో స్థిరపడిపోతుందని ఆయన తేల్చాడు. ప్రయోగం నిక్కమైనది. తేల్చిన మాటలో సగమే నిజమని బయటపడ్డానికి 16 ఏళ్లు పట్టింది.

1952లో ఇంగ్లండుకు చెందిన జెఫ్రీ హ్యారిస్, స్వీడన్‌లో స్థిరపడ్డ డోరా యాకోబ్‌సన్ ఆడ ఎలుకల పిట్యూటరీ తీసేసి, ఆ చోట వేరే ఎలుక గ్రంథిని అతికించారు. మెదడు కింద, హైపోథాలమస్ అనే భాగాన్ని ఆనుకుని అతికిస్తే అక్కడి సన్నటి రక్తనాళాలు అందులోకి పాకాయి. ఎలుక మళ్లీ ఎదకొచ్చింది, కట్టింది, ఈనింది, పిల్లలకు పాలిచ్చింది. అదే గ్రంథిని కాస్త పక్కకు, మెదడులో వేరే భాగం కింద పెడితే ఏమీ జరగలేదు. అతికించినది మగ ఎలుక గ్రంథి అయినా ఫలితం మారలేదు. నిన్నటిదాకా మగ ఒంట్లో నెమ్మదిగా ఒకే తీరున పనిచేసిన గ్రంథి, ఆడ ఎలుక మెదడు కింద చేరాక నాలుగైదు రోజులకోసారి వచ్చే ఎద చక్రాన్ని నడపసాగింది.

గ్రంథికి సొంతంగా లింగం లేదన్నమాట. పైనున్న హైపోథాలమస్ నుంచి ఏ కబురు, ఎంత గట్టిగా, ఎంత తరచుగా వస్తే ఆ పని చేస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లో మగ హార్మోను తాకిడికి మారిపోయింది మెదడు. ఫైఫర్ చూసింది ఆ మార్పునే, కాకపోతే ఒక అంతస్తు కింద చూశాడు.

చేపల దగ్గరా ఇదే తేలింది. 1980లలో చైనాకు చెందిన లిన్ హావోరాన్, కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్ కలిసి, చెరువు చేప పిట్యూటరీని ఆపుతున్నదేమిటో పట్టుకున్నారు. హైపోథాలమస్ నుంచి ‘విడువు’ అని చెప్పే హార్మోను ఒకటి వస్తుంది. ‘ఆగు’ అని చెప్పే డోపమైన్ ఇంకొకటి. చెరువు నీటిలో ఉన్నంతకాలం రెండోదానిదే పైచేయి. మొదటిదాన్ని పోలిన మందును, డోపమైన్‌ను అడ్డే మందును కలిపి ఒకే సూదిగా ఇస్తే, చేప తన పిట్యూటరీలో అప్పటికే నిలవున్న సరుకును తానే విడిచిపెడుతుంది. ఒవాప్రిమ్ లాంటి మందులన్నీ ఆ లెక్కవే. వాటి రాకతో తలలు కోసి గ్రంథులు ఏరే పని మూలపడింది. చేప తల చారు ప్రియులకు ఇది మంచి కబురే. ఈ కొత్త మందు కూడా మగ చేపకు ఆడదానికి ఇచ్చే మోతాదులో సగమో అంతకన్నా తక్కువో సరిపోతుంది. గుడ్లు పక్వానికి తెచ్చి విడిపించడం పెద్ద పని. మగ చేపకు అప్పటికే సిద్ధంగా ఉన్నది వదలడమే.

కబురు ఎంత వచ్చిందన్నదే కాదు, ఏ వరసలో వచ్చిందన్నదీ లెక్కే. దీనికి ఎదుగుదల హార్మోను మంచి సాక్ష్యం. మగ ఎలుకలో అది మూడు మూడున్నర గంటలకోసారి ఉప్పెనగా వస్తుంది. మధ్యలో దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆడ ఎలుకలో ఉప్పెనలు చిన్నవి, తరచుగా వస్తాయి, మధ్యలో కూడా పూర్తిగా ఆగదు. రోజు మొత్తానికి కొలిస్తే తేడా అంత పెద్దగా కనపడకపోవచ్చు. కానీ కాలేయం ఈ వరసను చదువుతుంది. మధ్యలో ఖాళీలుంటే మగ తరహా ఎంజైములు తయారుచేస్తుంది, లేకపోతే ఆడ తరహావి. మందుల్ని విరిచేసేది ఆ ఎంజైములే. ఒకే మోతాదు నిద్రమందు ఇస్తే ఆడ ఎలుక మగదానికన్నా చాలాసేపు పడుకుంటుందని 1930లలోనే గమనించారు. కారణం తెలియడానికి మాత్రం అర్ధ శతాబ్దం గడిచింది.

ఇంత తెలిసి కూడా ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఎక్కువగా మగ ఎలుకల్నే వాడాయి. ఆడ ఎలుకలకు ఎద చక్రం ఉంది, లెక్కలు చెదురుతాయి అన్నది సాకు. మూడు గంటలకోసారి ఉప్పొంగి అణిగిపోయే మగ ఎలుక రక్తం ఏ వేళకు తీస్తే ఏ అంకె వస్తుందో అన్న అనుమానం అంతగా రాలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులతో జరిగే జంతు పరిశోధనల్లో ఆడా మగా రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని నియమం పెట్టింది 2016లో. అంటే నిన్నమొన్న. మన అల్మారాల్లోని మందుల్లో ఎన్నిటి మోతాదు మగ ఎలుక కాలేయం దగ్గర మొదలైందో ఆలోచిస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

పక్షుల ప్రస్తావన లేకపోతే ఆడా మగా మాట పూర్తికాదు. పొదుగు మీద కూర్చున్న నాటుకోడి మేత కూడా సరిగా ముట్టదు, చెయ్యి పెడితే పొడుస్తుంది, ఒళ్లు వేడెక్కి ఉంటుంది. ఆ పట్టు ప్రొలాక్టిన్‌ది. పొదుగు విడిపించాలని మన ఇళ్లలో కోడిని నీళ్లలో ముంచుతారు. గుడ్ల కోసమే ఎంచి ఎంచి పెంచిన వైట్ లెగ్‌హార్న్‌లో ఆ పట్టే దాదాపు పోయింది. గుడ్డు పెట్టి లేచిపోతుంది. ఇదంతా తల్లితనపు హార్మోను అనుకుంటాం. పావురాన్ని చూడండి. 1930లలో ఆస్కార్ రిడిల్ ప్రొలాక్టిన్‌కు ఆ పేరు పెట్టి, దాని బలాన్ని కొలిచింది పావురం మేతసంచి మీదనే. పిల్లలు గుడ్డులోంచి వచ్చే వేళకు ఆ సంచి గోడ మందమై, జున్నుముక్కల్లాంటి పాలు ఊరతాయి. అవి తల్లిలో ఎంత ఊరతాయో తండ్రిలోనూ అంతే. పిల్లలకు ఇద్దరూ నోటితో అందిస్తారు. అదే గ్రంథి, అదే హార్మోను. కోళ్లలో పుంజును కదిలించదు, పావురాల్లో పోతును ఇంటిపనికి కూర్చోబెడుతుంది.

ఇక వయసు. బాల్యంలో పిట్యూటరీలోని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ జంట నిద్రపోతూ ఉంటుందనీ, యవ్వనంలో లేస్తుందనీ అనుకోవడం వాడుక. అసలు జరిగేది ఇంకా చిత్రం. పుట్టిన కొద్ది వారాలకే ఆ జంట ఒకసారి మేల్కొంటుంది. మగపిల్లల్లో ఒకటి నుంచి మూడు నెలల వయసులో మగ హార్మోను బాగా పెరిగి, ఆరు నెలలకు తగ్గిపోతుంది. ఆడపిల్లల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంకా ఎక్కువ కాలం, ఒక్కోసారి రెండేళ్ల దాకా ఎత్తులోనే ఉంటుంది. ఆ తర్వాత పైనుంచి కబుర్లు దాదాపు ఆగిపోతాయి. ఎనిమిదో ఏట, పదో ఏట గ్రంథి చేతగాక ఊరుకుని ఉండదు. బయటి నుంచి గంటకోసారో గంటన్నరకోసారో హైపోథాలమస్ పంపే ఆ ‘విడువు’ హార్మోనును సన్నగా అందిస్తే, ఈడు రాని కోతిలో కూడా అది పెద్ద కోతిలాగే పనిచేసింది. ఎదురుచూపే తప్ప లోపం లేదు.

ముసలితనం సంగతి ఇంకా ఆసక్తికరం. యాభై ఏళ్ల దరిదాపుల్లో నెలసరి ఆగినప్పుడు ‘హార్మోన్లు తగ్గిపోయాయి’ అంటారు. అండాశయం ఇచ్చే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, నిజమే. పిట్యూటరీ మాత్రం ఆ వయసులో ఎన్నడూ లేనంతగా పనిచేస్తుంది. అండాశయం నుంచి ‘ఇక చాలు’ అన్న జవాబు రాదు కాబట్టి, ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పది రెట్లకు పైగా పెంచి పంపుతూనే ఉంటుంది. మగవాళ్లలో ఇలాంటి తెగతెంపు ఉండదు. వృషణాలు నెమ్మదిగా వెనకబడతాయి, ఎల్‌హెచ్ నెమ్మదిగా పెరుగుతుంది.

ఆ అదనపు హార్మోను ఎక్కడికి పోతుంది? మూత్రంలోకి. ఇటలీలో సెరోనో అనే మందుల సంస్థలో పీయెరో దొనీని 1940ల చివర్లోనే నెలసరి ఆగిన స్త్రీల మూత్రం నుంచి దాన్ని శుద్ధిచేశాడు. పిల్లలు లేని స్త్రీల అండాశయాల్ని కదిలించడానికి ఇది పనికొస్తుందని బ్రూనో లునెన్‌ఫెల్డ్ అనే యువ వైద్యుడు పట్టుబట్టాడు. కావలసిన మూత్రం పీపాల లెక్కన. గర్భిణి మూత్రం ఒక్క చుక్క కలిసినా వేరే హార్మోను చేరి సరుకు చెడుతుంది. ఆ భయం లేని చోటు ఏది? వయసు మళ్లిన క్రైస్తవ సన్యాసినులుండే ఆశ్రమాలు. పోప్ పన్నెండో పయస్ అన్న కొడుకు ఆ సంస్థ పాలకవర్గంలో ఉండటంతో తలుపులు తెరుచుకున్నాయి. అలా తయారైన పెర్గోనాల్ మందుతో 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. పెళ్లీ పిల్లలూ వద్దనుకున్న ముసలి సన్యాసినుల పిట్యూటరీలు ఎక్కడో ఎవరింట్లోనో ఉయ్యాల వేయించాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచమంతా సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇదే వాడారు. జన్యు సాంకేతికతతో చేసిన ఎఫ్‌ఎస్‌హెచ్ 1990లలో వచ్చాక కూడా ఇది పూర్తిగా పోలేదు.

ఎలుకల్లో ముసలితనం ఇలా రాదు. వాటికి అండాశయంలో గుడ్లు ఉండగానే ఎద చక్రం గాడి తప్పుతుంది. ముసలి ఎలుక అండాశయాన్ని పడుచు ఎలుకలో నాటితే మళ్లీ చక్రాలు నడిచాయి. పడుచు ఎలుకది ముసలిదానిలో నాటితే నడవలేదు. అమెరికాలో జోసెఫ్ మైటిస్ బృందం 1970లలో ముసలి ఎలుకలకు డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే, ఆగిన చక్రాలు కొన్నిటిలో తిరిగి మొదలయ్యాయి. ఇక్కడ ముందుగా ముదిరింది కబురు పంపే చోటు. అదే డోపమైన్ ముసలి గుర్రాల్లోనూ తగ్గుతుంది. పదిహేనేళ్లు దాటిన కొన్ని గుర్రాలకు ఎండాకాలం వచ్చినా ఒంటిమీది చలికాలపు బొచ్చు ఊడదు. పొడుగ్గా, ఉంగరాలు తిరిగి, చెమట పట్టి ఉంటుంది. ‘ఆగు’ అనేవాళ్లు లేక పిట్యూటరీ నడిమి భాగం ఉబ్బిపోవడమే ఆ జబ్బు. చేపలో అదే అడ్డు తీస్తే గుడ్లు, గుర్రంలో తొలగితే రోగం.

ఎదుగుదల హార్మోను ఒక్కటీ వయసుతో నిజంగానే తగ్గుతుంది. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 14 శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. ఇక్కడే బజారు తెరుచుకుంది. 1990లో డేనియల్ రడ్‌మన్ అనే వైద్యుడు 61 నుంచి 81 ఏళ్ల మధ్య వయసు మగవాళ్లు 21 మందిని తీసుకుని, అందులో 12 మందికి ఆరు నెలలు ఆ హార్మోను ఇచ్చి, కొవ్వు తగ్గి కండ పెరిగిందని రాశాడు. పన్నెండు మంది ముసలాయన్ల మీద చేసిన ఆ చిన్న అధ్యయనాన్ని పట్టుకుని ‘యవ్వనం తిరిగొస్తుంది’ అనే వ్యాపారం కోట్లలో పెరిగింది. ఇప్పుడు మన నగరాల్లోనూ ఆ ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఆరేళ్లు తిరిగేసరికి, 1996లో, ఇంకో కబురొచ్చింది. పిట్యూటరీ లోపం వల్ల ఎదుగుదల హార్మోనే లేని ఏమ్స్ జాతి మరుగుజ్జు చుంచులు, మామూలు చుంచుల కన్నా దాదాపు సగం ఎక్కువ కాలం బతికాయి. ఆడవి మగవాటి కన్నా ఇంకా ఎక్కువ. కుక్కల్లోనూ చిన్న ఒళ్లవే ఎక్కువ కాలం బతుకుతాయి. గంభీరంగా నడిచే గ్రేట్ డేన్ ఎనిమిదో ఏట ముసలిదైపోతుంది, చంకలో పట్టే చివావా పద్నాలుగు పదిహేనేళ్లు గుర్రుమంటుంది. ఈ లెక్కన తగ్గడం ఒంటికి నష్టమా, రక్షణా? సూది వేయించుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ప్రకటనలో అది ఉండదు.

మన పాడి గేదెల దగ్గర ఇవన్నీ ఒకచోట కలుస్తాయి. గేదె పడ్డలు ఆవు పెయ్యల కన్నా ఆలస్యంగా ఎదకొస్తాయి. మూడున్నర నాలుగేళ్లు దాటినా తొలి ఈత ఈనని పడ్డలు మన ఊళ్లలో కోకొల్లలు. మేత చాలని పడ్డకు పైనుంచి కబురు రాదు. వయసు సంవత్సరాల్లో వచ్చినా ఒంటి బరువులో రాలేదని హైపోథాలమస్ లెక్కగట్టుకుంటుంది. ఈనిన గేదె వేసవిలో ఇంకో తంటా తెస్తుంది. ఎండలకు రక్తంలో ప్రొలాక్టిన్ పెరిగి, అండాశయం వైపు పనులు మందగిస్తాయి. ఎద వచ్చినా పైకి కనపడదు. అరవదు, పక్క గేదె మీద ఎక్కదు. పశువైద్యులు దీన్నే మూగ ఎద అంటారు. తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకో కొట్టంలోకి వెళ్లి చూస్తే తోక కింద జిగురు తీగలు, కాస్త ఉబ్బిన మానం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం, పాలు పిండబోతే చేపకపోవడం, ఇంతే ఆనవాళ్లు. పగలు పదింటికి చూస్తే అదీ ఉండదు.

ఎద మొదట్లో పిట్యూటరీ ఎల్‌హెచ్‌ను ఒక్క ఉప్పెనగా వదులుతుంది. అది జరిగిన ఒకరోజు పైచిలుకుకు అండం విడుదలవుతుంది. పొద్దున ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ సూది వేయించమని పశువుల ఆసుపత్రిలో చెప్పేది ఆ వ్యవధి చూసే. చూడు నిలవలేదని గేదెను అమ్మేసేవాళ్లలో చాలామంది ఆ ఒక్క రాత్రి చూసుకోనివాళ్లే. హార్మోన్ సూదుల కిట్లు ఇప్పుడు మండల కేంద్రాల్లోనూ దొరుకుతున్నాయి. కొన్ని పశువులకు అవి అవసరమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో గేదెకు పడుకోవడానికి చెరువు నీళ్లు, అవి లేని ఊళ్లో రోజుకు రెండుసార్లు ఒళ్లు తడిపే నీళ్లు, చెట్టు నీడ, పచ్చిమేత ఉన్నాయా అన్నది సూదికన్నా ముందు చూడాల్సింది. ఊరి చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన చోట గేదెలు ఎదకు రావడం లేదన్న ఫిర్యాదు వస్తే, పశువైద్యుడి సంచిలో దానికి మందు వెతకడం కష్టం.